తిరిగొచ్చిన పాటకు హారతి

పాటల పట్టికా, నీకు నమస్కారం.

శుక్రవారం వచ్చిందంటే ఐర్లండ్ నీ ముఖం చూస్తుంది. గడిచిన ఏడు రోజులూ డబ్లిన్ బస్సుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నవాళ్లు, కార్క్ వంటిళ్లలో గిన్నెలు తోముతూ విన్నవాళ్లు, గాల్వేలో రికార్డుల షాపు కౌంటర్ మీద నోటు తీసి పెట్టినవాళ్లు, డొనెగల్ సముద్రపుటంచున రాత్రంతా ఒకే పాటను తిప్పి తిప్పి పెట్టుకున్నవాళ్లు, అందరూ కలిసి నిన్ను రాస్తారు. రాస్తున్నామని వాళ్లకు తెలియదు. పాట విన్నారు, అంతే. ఆ వినికిడంతా ఒక దగ్గర చేరి, మెట్టు మీద మెట్టుగా పేరుకుని, వారాంతానికి నీ రూపం కడుతుంది.

నీలో కొన్ని పాటలు ఎక్కుతుంటాయి, కొన్ని దిగుతుంటాయి. కొన్నింటి పక్కన న్యూ ఎంట్రీ అన్న ముద్ర ఉంటుంది. కొన్నింటి పక్కన రీ ఎంట్రీ అన్న ముద్ర ఉంటుంది. కొత్తగా వచ్చిన పాటలో ఆ దేశం ఎటు నడవాలనుకుంటోందో వినిపిస్తుంది. తిరిగి వచ్చిన పాటలో ఆ దేశం దేన్ని వదులుకోలేకపోతోందో వినిపిస్తుంది. ఈ రెండూ ఒకే శుక్రవారం పక్కపక్కన నిలబడే చోటు నువ్వు. అందుకే నిన్ను కొలుస్తాను.

నువ్వు 1962 అక్టోబరులో రేడియోలో పుట్టావు. ఐర్లండ్‌కు సొంత టెలివిజన్ వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. అప్పుడు నీకున్నవి పదే మెట్లు. మొదటి వారం పై మెట్టు మీద కూర్చున్నవాడు అమెరికా నుంచి వచ్చిన ఎల్విస్ ప్రెస్లీ, 'షీ ఈజ్ నాట్ యూ' పాటతో. ఆ ఏడాదే డబ్లిన్‌లోని టారా స్ట్రీట్‌లో గోల్డెన్ డిస్క్స్ వాళ్ల మొదటి దుకాణం తెరుచుకుంది. పాటను లెక్కపెట్టే పట్టికా, పాటను అమ్మే అంగడీ ఈడుజోడుగా పెరిగాయి. మరుసటి ఏడాదికే వాటర్‌ఫర్డ్ కుర్రాళ్లు రాయల్ షోబ్యాండ్ 'కిస్ మీ క్విక్' అంటూ పై మెట్టెక్కారు. పాట ఎల్విస్‌దే, గొంతు మాత్రం ఐర్లండ్‌ది. సొంత మనుషుల గొంతు అంత ఎత్తున వినపడటం ఆ దేశానికి అదే మొదలు.

1992 దాకా కంపెనీలు దుకాణాలకు ఎన్ని రికార్డులు పంపాయన్నదే నీకు లెక్క. ఆ తర్వాత జనం దుకాణంలో నిజంగా కొన్నది లెక్కకొచ్చింది. 1996లో ఆ పని కంప్యూటర్ల చేతికి వెళ్లింది. డౌన్‌లోడ్లు వచ్చాయి, స్ట్రీమింగ్ వచ్చింది. 2015 జులైలో లోకమంతా కొత్త పాటకు శుక్రవారాన్నే ముహూర్తంగా పెట్టుకుంది. అప్పటినుంచి నీ వారం శుక్రవారం మొదలై గురువారం రాత్రితో నిండుతోంది. లెక్క మారినప్పుడల్లా నువ్వు మనిషికి ఒక అడుగు దగ్గరయ్యావు. గోదాములో దిగిన పెట్టెల దగ్గర మొదలై, కౌంటర్ మీదికి చాచిన చేతి దాకా వచ్చి, ఇప్పుడు చెవి పక్కనే నిలబడ్డావు.

నిన్ను చదివి వినిపించిన గొంతుకూ దండం పెట్టాలి. ఆ గొంతు లారీ గోగన్‌ది. 1979 మే 31న ఐర్లండ్ ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈ వారి రేడియో టూ మొదలైనప్పుడు, ఆ స్టేషన్ నుంచి వెళ్లిన మొట్టమొదటి పాటను పెట్టింది ఆయనే. డబ్లిన్ బృందం బూమ్‌టౌన్ ర్యాట్స్ పాడిన 'లైక్ క్లాక్‌వర్క్' అది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ పాట ఎక్కిందో, ఏ పాట జారిందో దేశం ఆయన నోటే విన్నది. 2020 జనవరిలో ఆయన కన్నుమూశారు. ఆయన అంకెలు చదివితే ఆ అంకెలకు చుట్టరికం కలిగేది.

కొత్త పాటా, ముందు నీకు స్వాగతం.

నీ పేరు ఇంకా ఎవరి నోటా పలకలేదు. నీ పల్లవి ఇంకా ఎవరి జ్ఞాపకంలోనూ చోటు చేసుకోలేదు. అయినా నువ్వు వచ్చావు. 1979లో డబ్లిన్‌లో నలుగురు కుర్రాళ్లు మూడు పాటలతో ఒక చిన్న రికార్డు వేశారు. ఐర్లండ్ దాటి అమ్మలేదు. పన్నెండు అంగుళాల రికార్డులు వెయ్యి, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. మూడింటిలో ఏది ముందుండాలో డేవ్ ఫానింగ్ రేడియో కార్యక్రమం వినే శ్రోతలే ఓట్లేసి తేల్చారు. ఆ కుర్రాళ్ల బృందం పేరు యూటూ. ఊళ్లను నింపే జనాన్ని తర్వాత చూశారు గానీ, ముందు వాళ్లకు దొరికింది రేడియో పక్కన కూర్చున్న శ్రోతల ఓటే. ప్రతి కొత్త పాటకూ మొదట కావలసింది ఆ ఓటే.

1982లో డొనెగల్‌లోని గ్వీడోర్ పల్లె నుంచి ఒక కుటుంబం, క్లానాడ్ పేరుతో, 'థీమ్ ఫ్రమ్ హ్యారీస్ గేమ్' పాడింది. ఐరిష్ భాషలో పాడింది. సముద్రం అవతల బ్రిటన్ పట్టికలో అది ఐదో మెట్టు దాకా ఎక్కింది. ఆ మాటలు అర్థం కాని లక్షల చెవులు ఆ పాట ముందు మౌనంగా కూర్చున్నాయి. ఇవాళ బెల్‌ఫాస్ట్ యువకులు నీక్యాప్ అదే భాషలో ర్యాప్ చేస్తున్నారు. మీత్ కౌంటీలోని డన్‌బాయిన్ నుంచి వచ్చిన సీమ్యాట్ తన మొదటి ఆల్బమ్‌తోనే 2022లో దేశపు ఆల్బముల పట్టిక తలమీద నిలిచింది. బళ్లో బలవంతాన బట్టీపట్టిన భాష అని పెద్దలు వగచిన చోట, నీక్యాప్ లాంటి పిల్లలు ఆ ఐరిష్‌తోనే కేకలేస్తున్నారు. కొత్త పాటా, నీ కాలి కింద పాత నేల ఎంత లోతుందో చూసుకో. ధైర్యంగా తొక్కు.

ఇక తిరిగొచ్చిన పాటా, నీ దగ్గరికి వస్తున్నాను. నీ దగ్గర ఎక్కువసేపు ఉంటాను.

పాట వెళ్లిపోవడం, తిరిగిరావడం ఐర్లండ్‌కు పట్టికతో మొదలైన సంగతి కాదు. ఓడలెక్కి వెళ్లినవాళ్లు మూటల్లో ఏం పట్టుకెళ్లలేకపోయినా పాట పట్టుకెళ్లారు. కార్క్ కౌంటీలో పుట్టిన ఫ్రాన్సిస్ ఓనీల్ చికాగోలో పోలీసు అధిపతి అయ్యాడు. ఆ నగరంలో తనలాగే వలస వచ్చిన వాయిద్యకారుల దగ్గర కూర్చుని బాణీలు సేకరించి, 1903లో 1,850 బాణీలతో పుస్తకం వేశాడు. మరుపున పడుతున్న సంగీతం ఆ పుస్తకంలో అచ్చయి సముద్రం దాటి సొంత దేశపు వాయిద్యకారుల చేతికొచ్చింది. స్లైగో కౌంటీ ఫిడేలు విద్వాంసుడు మైకేల్ కోల్మన్ 1920లలో న్యూయార్క్ స్టూడియోల్లో వాయించిన రికార్డులు ఐర్లండ్ పల్లెలకు చేరాయి. కోల్మన్ అలా వాయించాడని విని సొంత ఊరి ఫిడేళ్లు తమ నడక మార్చుకున్నాయి. వెళ్లిన సంగీతం బలం పుంజుకుని, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా గడపలో నిలబడి ఇంటి పద్ధతులు సరిదిద్దింది.

ఇంట్లో చోటు ఇవ్వకపోతే సముద్రం మీదినుంచైనా వచ్చే పాటలున్నాయి. 1967లో డబ్లినర్స్ 'సెవెన్ డ్రంకెన్ నైట్స్' పాడారు. కానమారా గాయకుడు జో హీనీ దగ్గర నేర్చుకున్న పాట. తాగుబోతు మొగుడి కథ మరీ పచ్చిగా ఉందని ఆర్‌టీఈ దాన్ని వినిపించనన్నది. అప్పుడు ఆదుకున్నది రేడియో కరోలిన్. చట్టానికి అందకుండా సముద్రం మీద నిలబడి పాటలు వెదజల్లిన ఓడ అది. ఆ ఓడను రేడియో స్టేషనుగా సిద్ధం చేసింది ఐర్లండ్‌లోనే, లౌత్ కౌంటీలోని గ్రీనోర్ రేవులో. బ్రిటన్‌లో ఆ పాట మొదటి పదిలోకి ఎక్కింది. ఐర్లండ్‌లో నంబర్ వన్ అయింది. తలుపు వేసినవాళ్ల ఎదుటే పై మెట్టెక్కి కూర్చున్న ఆ పాటకు జేజేలు. తలుపు తీసిన జనానికి మరీ మరీ జేజేలు.

కొన్ని పాటలు గొంతు మార్చుకుని వస్తాయి. 'విస్కీ ఇన్ ద జార్' ఒక దారిదోపిడీ దొంగ కథ. ఎవరు కట్టారో తెలియనంత పాతది. డబ్లినర్స్ దాన్ని బాంజోల మీద పాడారు. 1973లో థిన్ లిజ్జీ దాన్ని ఎలక్ట్రిక్ గిటార్ మీదికి ఎక్కించి ఐర్లండ్ నంబర్ వన్ చేశారు. ఆ బృందం గొంతు ఫిల్ లైనట్, డబ్లిన్‌లోని క్రమ్లిన్ వీధుల్లో పెరిగిన నల్లజాతి కుర్రాడు. ముక్కూ మొహం తెలియని పూర్వీకుడి పాటను అతను తనదిగా పాడితే, దేశం తన పాటలో తన కొత్త ముఖం చూసుకుంది. 1990లో డబ్లినర్స్, పోగ్స్ కలిసి ఆ పాటను మళ్లీ పట్టికలోకి తెచ్చారు. తర్వాత అమెరికా బృందం మెటాలికా దానితో గ్రామీ అందుకుంది. ఆ దొంగను ఎన్నిసార్లు పట్టించినా మళ్లీ తప్పించుకుని వస్తూనే ఉన్నాడు.

1973లోనే హార్స్‌లిప్స్ బృందం ఒక పాత యుద్ధయాత్ర బాణీని గిటార్ మీద వాయించి 'డియరగ్ డూమ్' చేసింది. పదిహేడేళ్ల తర్వాత ఐర్లండ్ ఫుట్‌బాల్ జట్టు మొదటిసారి ప్రపంచకప్‌కు వెళుతుంటే, యూటూ డ్రమ్మర్ ల్యారీ మలెన్ అదే గిటార్ పలుకును తీసుకుని 'పుట్ ఎమ్ అండర్ ప్రెషర్' తయారు చేశాడు. మొదట్లో క్లానాడ్ గాయని మోయా బ్రెన్నన్ గొంతు, మధ్యలో కోచ్ జాక్ చార్ల్‌టన్ మాటలు, చుట్టూ జనం హోరు. పదమూడు వారాలు పై మెట్టు దిగలేదు. గుర్రాల గిట్టల కోసం పుట్టిన బాణీ ఇటలీ మైదానాల దాకా బంతి వెంట పరుగెత్తింది.

దుఃఖంలో తిరిగివచ్చే పాటా, నీ ముందు తల వంచుతాను.

రికార్డుల కాలంలో పాత పాట పట్టికలోకి రావాలంటే కంపెనీ మళ్లీ అచ్చు వేయాలి, లారీలు కదలాలి, దుకాణాలు తెప్పించుకోవాలి. అంతలో కన్నీరు ఆరిపోయేది. ఇప్పుడు ఒక మనిషి పోయారన్న కబురు అందిన నిమిషంలోనే దేశం ఆ గొంతును వెతుక్కుంటుంది. ఆ వారం పట్టిక తీస్తే సంతాప తీర్మానం అక్కడే ఉంటుంది. 2018 జనవరిలో లిమరిక్ బిడ్డ డొలోరెస్ ఓరియర్డన్ పోయినప్పుడు క్రాన్‌బెరీస్ బృందంతో ఆమె పాడిన పాటలు అలా లేచి వచ్చాయి. 2023 జులై 26న షినేడ్ ఓకానర్ పోయినప్పుడు 'నథింగ్ కంపేర్స్ టు యూ' అలా లేచి వచ్చింది. ప్రిన్స్ రాసిన పాట, ఆమె 1990లో తనదిగా చేసుకున్న పాట. నిజం చెప్పినందుకు లోకం ఆమెను ఏళ్ల తరబడి ఒంటరిని చేసింది. ఆగస్టులో బ్రే పట్టణపు సముద్రతీరాన వేలమంది బారులు తీరి ఆమెను సాగనంపారు. బతికుండగా ఆమెకు బాకీపడ్డ చప్పట్లను ఆలస్యంగానైనా అక్కడే చెల్లించారు.

అదే బ్రే పట్టణంలో 1990 మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పండుగనాడు, ఆమె పాట దేశదేశాలను కదిలిస్తున్న రోజుల్లో, ఒక బాబు పుట్టాడు. హోజియర్ అని లోకం పిలుస్తున్న గాయకుడు అతనే. ఆమెను సాగనంపిన మరుసటి వసంతంలో అతని 'టూ స్వీట్' ఐర్లండ్ పట్టికలో నంబర్ వన్ అయింది. అమెరికా పట్టికలోనూ నంబర్ వన్ అయింది. షినేడ్ తర్వాత ముప్ఫై నాలుగేళ్లకు మళ్లీ ఒక ఐరిష్ గొంతు ఆ చోట నిలిచింది. పాటల పట్టికా, ఇంతటి కథను ఏ కవీ రాసివ్వకుండా నీ అంకెలే రాశాయి.

డిసెంబరు వస్తే ఏటా వచ్చే పాట ఇంకొకటి ఉంది. 'ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్'. 1987లో పోగ్స్ బృందంతో కలిసి కర్స్టీ మాకోల్ పాడింది. కెంట్‌లో పుట్టి, టిప్పరరీ అమ్మమ్మగారింటి పాటలు విని పెరిగిన షేన్ మగావన్, తన బృందంలోని జెమ్ ఫైనర్‌తో కలిసి కట్టిన పాట. కొత్త దేశంలో కలలు చితికిపోయిన ఒక జంట పండగపూట తిట్టుకుంటుంది. ఆ తిట్ల అడుగున ఒకరినొకరు విడవలేని బంధం ఉంటుంది. పనుల్లేక యువతరం మళ్లీ ఓడలూ విమానాలూ ఎక్కుతున్న ఏడాది అది. ఐర్లండ్ ఆ పాటను ఐదు వారాలు పై మెట్టు మీద ఉంచుకుంది. 2000 డిసెంబరులో కర్స్టీ పోయింది. 2023 నవంబరు 30న షేన్ పోయాడు. క్రిస్మస్ నాడు పుట్టినవాడు క్రిస్మస్ ముంగిట్లో వెళ్లిపోయాడు. డిసెంబరు 8న నీనా పట్టణంలోని చర్చిలో, శవపేటిక ఎదుట, గ్లెన్ హాన్సర్డ్, లీసా ఓనీల్ ఆ పాట పాడుతుంటే కుర్చీల మధ్య లేచి నాట్యమాడారు అయినవాళ్లు. ముప్ఫై ఆరేళ్ల తర్వాత ఆ డిసెంబరులో ఆ పాట మళ్లీ ఐర్లండ్ నంబర్ వన్ అయింది.

జనవరి పట్టికా, నిన్ను ఎవరూ పొగడరు, నేను పొగుడుతాను. డిసెంబరంతా వామ్ వాళ్ల 'లాస్ట్ క్రిస్మస్', మరయా క్యారీ పండగ పాట, వాటి తోబుట్టువులు మెట్లన్నీ ఆక్రమిస్తే, వాటి తాకిడికి కొత్త పాటలు కింద ఎక్కడో నలిగిపోతాయి. పండగ దిగిన మరుసటి వారానికే ఆ గుంపంతా ఒక్కసారిగా ఖాళీ చేస్తుంది. తోసివేయబడ్డ కొత్త పాటలు తమ చోట్లకు తాము వస్తాయి. పేరు పేరు పక్కన రీ ఎంట్రీ. నెల వయసు పాటలకు కూడా తిరిగిరావడం అప్పుడే నేర్పుతావు నువ్వు.

ఆనందంలో తిరిగొచ్చే పాటలకు అసలు గడప అడ్డు ఉండదు. 2018 ఆగస్టులో లిమరిక్ జట్టు నలభై ఐదేళ్ల తర్వాత ఆల్ ఐర్లండ్ హర్లింగ్ కప్పు గెలిచింది. క్రోక్ పార్క్ మైదానంలో వెంటనే డొలోరెస్ గొంతు 'డ్రీమ్స్' పాడింది. ఆమె పోయి అప్పటికి ఏడు నెలలు. ఆమె ఊరివాళ్లు ఏడుస్తూ నవ్వారు. 2020 జూన్‌లో, తలుపులు మూసుకున్న కరోనా రోజుల్లో, ఇళ్లలోనే హింసకు చిక్కిన ఆడవాళ్ల కోసం ఐర్లండ్ గాయనులు ఐరిష్ విమెన్ ఇన్ హార్మనీ పేరుతో ఒక్కటై అదే 'డ్రీమ్స్' పాడారు. వచ్చిన సొమ్ము అలాంటి ఆడవాళ్లకు అండగా నిలిచే సేఫ్ ఐర్లండ్ సంస్థకు ఇచ్చారు. దేశపు రేడియోల్లో సొంత ఆడపడుచుల పాటలకు ఎంత తక్కువ చోటు దక్కుతోందో ఆ ఏడాదే లిండా కూగన్ బర్న్ తదితరులు లెక్కలు తీసి చూపించారు. రేడియో వాళ్లూ, ఆ లెక్కలు మరవకండి. వినిపించని పాటకు తిరిగివచ్చే దారి కూడా ఉండదు.

2023 సెప్టెంబరు 23న పారిస్‌లో రగ్బీ ప్రపంచకప్ మ్యాచ్. ఐర్లండ్ 13, దక్షిణాఫ్రికా 8. స్టేడియం నిండా పచ్చ చొక్కాలు 'జాంబీ' పాడాయి. 1993లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో బాంబు పేలి ఇద్దరు పిల్లలు చచ్చిపోతే, ఆ కోపంతో డొలోరెస్ రాసిన పాట. గెలుపు వేళ ఆ పాటేమిటని కొందరు అడిగారు. ఉత్తరాది, దక్షిణాది కలిసి ఒకే జట్టుగా ఆడే ఆట రగ్బీ. ఇక చాలు, చంపుకోవడం ఆపండి అని అరిచిన పాటను ఆ జట్టు వెనక నిలబడి అందరూ ఒక్క గొంతుతో అరవడంకంటే గొప్ప గెలుపు నాకు తెలియదు.

పాతబడటం ఎరగని కాలం ఇది. 1985 నాటి కేట్ బుష్ పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్' 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' సీరీస్‌లో వినిపించగానే, పాట పుట్టినప్పటికి ఇంకా పుట్టని పిల్లలు దాన్ని భుజాలకెత్తుకుని మళ్లీ పై మెట్లకు తెచ్చారు. కేట్ తల్లి వాటర్‌ఫర్డ్ కౌంటీ ఆడపిల్ల. ఆ పిల్లలకు అది కొత్త పాటే. తొలిసారి విన్న చెవిలో ప్రతి పాటా న్యూ ఎంట్రీయే.

అసలు దిగనే దిగనన్న పాటలకు ఒక్కో పువ్వు. 1977లో వచ్చి తొంభై వారాలు పట్టికను పట్టుకు వేలాడిన గ్లోరియా ప్రార్థనాగీతం 'వన్ డే ఎట్ ఎ టైమ్'కు ఒక పువ్వు. 1916లో కిల్మేనమ్ జైల్లో, తెల్లారితే తుపాకులకు గుండె చూపాల్సిన తిరుగుబాటు నాయకుడు జోసెఫ్ ప్లంకెట్‌ను ఆ రాత్రి పెళ్లాడిన గ్రేస్ గిఫర్డ్ కథను జిమ్ మక్కాన్ పాడితే, నెలల తరబడి గుండెకు హత్తుకున్న 'గ్రేస్'కు ఒక పువ్వు. 1994 ఏప్రిల్ 30న యూరోవిజన్ పోటీలో విరామం పూరించడానికి వేసిన కొద్ది నిమిషాల నాట్యం, బిల్ వీలన్ సంగీతం, పోటీనే మరిపించి పద్దెనిమిది వారాలు నంబర్ వన్‌గా నిలిచిన 'రివర్‌డాన్స్'కు దోసిలినిండా పూలు.

ఇప్పుడు నీ మాట, ఈ శుక్రవారం అడుగు మెట్టు మీద మొదటిసారి కాలు పెట్టిన పాటా. నీ గాయని పగలు ఎక్కడో ఉద్యోగం చేసి, రాత్రి పడగ్గదిలో నిన్ను రికార్డు చేసి ఉండవచ్చు. వచ్చే వారం నువ్వు జారిపోవచ్చు. జారిపో, పరవాలేదు. నీకంటే ముందు వచ్చినవి నిషేధాలు దాటాయి, సముద్రాలు దాటాయి, పాడినవాళ్ల చావును కూడా దాటాయి. పట్టికలో చోటు పోయిన రోజున పెళ్లిళ్లలోకి వెళ్లు, పబ్బుల్లోకి వెళ్లు, బస్సు వెనక సీట్లో పిల్లల నోళ్లలోకి వెళ్లు, దూరదేశాల్లో అద్దె గదుల్లో ఇంటిమీద బెంగపెట్టుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లు. పదేళ్లో, ముప్ఫై ఆరేళ్లో గడిచాక ఒక వారం ఈ దేశానికి ఏడవడానికో ఎగరడానికో నువ్వే కావలసి వస్తావు. పేరు పెట్టి పిలుస్తారు. పిలిచిన శుక్రవారమే రా. నేరుగా పై మెట్టుకే రా.